ఇఖ్బాల్‌ను తీర్చిదిద్దిన ఉస్తాద్

అల్లామా ఇఖ్బాల్ పేరు మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆయన ఉస్తాద్ మౌల్వీ సయ్యద్ మీర్ హసన్ గురించి తెలిసినవాళ్లు తక్కువే. 1844లో పుట్టిన ఈయన సియాల్‌కోట్‌లో స్కాచ్ మిషన్ సంస్థలో చదువు చెప్పేవారు. మక్తబ్‌లో చిన్నారి ఇఖ్బాల్‌ను చూసి, ఎవరి అబ్బాయో కనుక్కున్నారు. తండ్రి షేక్ నూర్ ముహమ్మద్‌తో మాట్లాడి, ఒప్పించి, తన దగ్గరే చేర్చుకున్నారు. అరబీ, ఫార్సీ, ఉర్దూ అక్కడే అబ్బాయి.

1895లో లాహోర్ వెళ్లినా ఇఖ్బాల్ ఆయన్ని మరవలేదు. 1923లో సర్ బిరుదు వచ్చే ముందు, తన ఉస్తాద్‌నూ గౌరవించాలని షరతు పెట్టారట. ఆయన ఏ పుస్తకం రాశారని అడిగితే, ఆ పుస్తకం తానేనన్నారట. అలా మీర్ హసన్ గారు షమ్సుల్ ఉలమా అయ్యారు. 1929లో కన్నుమూశారు.

మార్కులు చూసేవాళ్లు చాలామంది ఉంటారు. పిల్లాడిని చూసి, వాళ్ల నాన్నతో మాట్లాడే ఉస్తాద్ ఒక్కరున్నా చాలు. మీ పిల్లల ఉస్తాద్‌తో మీరు చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?