గిటారు మీటడం రాని గిటారు మేస్త్రి - లియో ఫెండర్

ఇరవయ్యో శతాబ్దపు సంగీత చరిత్రలో ఒక వింత ఉంది. పాప్, రాక్, జాజ్ బృందాలు భుజాన తగిలించుకుని వాయించే ఎలక్ట్రిక్ గిటారుకూ, బేస్ గిటారుకూ ఈనాటి రూపం ఇచ్చిన పెద్దమనిషికి గిటారు వాయించడమే రాదు. చిన్నప్పుడు కొన్నాళ్లు పియానో, తర్వాత కొన్నాళ్లు శాక్సోఫోన్ నేర్చుకున్నాడు. అంతటితో సరి. ఆయన చదివింది అకౌంట్లు, చేసింది రేడియో రిపేరు. ఆయన పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. లోకానికి లియో ఫెండర్.

1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనహైమ్-ఫుల్లర్టన్ ఊళ్ల దాపున, నారింజ తోటలు సాగుచేసుకునే కుటుంబంలో లియో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో ఎడమ కంట్లో కణితి లేచి కన్ను తీసేయాల్సి వచ్చింది. అప్పటినుంచి గాజు కన్నే. ఆ ఒంటికన్నుతోనే ఆయన జీవితమంతా సన్నటి తీగలు చుట్టాడు, టంకం పెట్టాడు, డ్రాయింగులు గీశాడు. ఆ కన్ను వల్లనే రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి తీసుకోలేదు.

సాంటా మారియా అనే ఊళ్లో ఆయన బంధువు జాన్ వెస్ట్‌కు కార్ల ఎలక్ట్రిక్ పనులు చేసే షాపు ఉండేది. పాత సామాన్లతో ఆయన కట్టిన రేడియో లౌడ్‌స్పీకరులోంచి ఫెళ్లుమని మోగుతుంటే కుర్ర లియో విన్నాడు. ఇక ఆ పిచ్చి వదల్లేదు. హైస్కూల్లో ఉండగానే ఇంట్లో రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టాడు. 1928లో హైస్కూలు ముగించి, ఫుల్లర్టన్ జూనియర్ కాలేజీలో అకౌంటెన్సీ చదివాడు. ఎలక్ట్రానిక్స్‌లో ఆయనకు పట్టా లేదు. నేర్చుకున్నదంతా చేతులతో నేర్చుకున్నదే.

తర్వాత గుమాస్తా ఉద్యోగాలు. 1934లో ఎస్తర్ క్లోస్కీని పెళ్లాడాడు. ఆర్థిక మాంద్యం రోజులు. చేస్తున్న లెక్కల ఉద్యోగం కాస్తా ఊడింది. 1938లో 600 డాలర్లు అప్పు చేసి, ఫుల్లర్టన్ వచ్చి ఫెండర్ రేడియో సర్వీస్ అని బోర్డు కట్టాడు. రేడియోలు బాగుచేయడం, గ్రామఫోను రికార్డులు అమ్మడం, సభలకీ డ్యాన్సులకీ మైకు సెట్లు అద్దెకివ్వడం, ఇదీ వ్యాపారం. మొదటి సంవత్సరాల్లో టెలిఫోను కంపెనీలో ఎస్తర్ తెచ్చుకునే జీతమే ఆ ఇంటికి ఆధారం.

లియోను తీర్చిదిద్దింది ఈ రిపేరు షాపే అంటే తప్పులేదు. వాయిద్యం చేసేవాడికి అది కొత్తగా ఎలా మోగుతుందో తెలుస్తుంది. రిపేరు చేసేవాడికి అది ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. తెగిన వైరు, కాలిన ట్రాన్స్‌ఫార్మరు, చిరిగిన స్పీకరు కోను... ఇవన్నీ ఆయన బల్లమీదికి వచ్చాయి. అందుకే తర్వాత ఏది చేసినా, రేపు ఇది చెడిపోతే విప్పడం ఎలా అన్నది ముందే ఆలోచించి చేశాడు.

యుద్ధకాలంలో డాక్ కాఫ్‌మన్ అనే వాద్యకారుడితో స్నేహం కుదిరింది. పికప్, అంటే తీగ కదలికను విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు చుట్ట, ఎలా పనిచేస్తుందో చూడటానికి ఇద్దరూ కలిసి మోటుగా ఒక గట్టి చెక్క గిటారు చేశారు. అది పరీక్ష కోసం చేసిందే. కానీ చుట్టుపక్కల వాద్యకారులు దాన్ని అద్దెకు అడిగి పట్టుకెళ్లడం మొదలుపెట్టారు. సరుకు ఇంకా సరుకు కాకముందే బేరం వచ్చిందన్నమాట! ఇద్దరూ కె అండ్ ఎఫ్ పేరుతో ఒళ్లో పెట్టుకు వాయించే స్టీల్ గిటార్లు, చిన్న యాంప్లిఫైయర్లు చేసి అమ్మారు. అప్పులకు భయపడి కాఫ్‌మన్ తప్పుకున్నాడు. 1946లో లియో ఒంటరిగా ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ పెట్టాడు.

ఇక్కడ మన బొబ్బిలి వీణను ఒకసారి తలుచుకుంటే ఫెండర్ గొప్ప ఏమిటో తెలుస్తుంది. పనస మానులో కుండ, దండి అన్నీ ఒకే దుంగలోంచి తొలిచి చేసే ఏకాండి వీణ మనకు ఆదర్శం. అతుకు లేకపోవడమే దాని ఘనత. ఫెండర్ సరిగ్గా దీనికి ఎదురు దారిన నడిచాడు. ఒంటికి ఒక పలక, మెడకు ఒక మేపుల్ కర్ర, రెంటినీ కలపడానికి నాలుగు స్క్రూలు. మెట్లు అరిగితే మెడ విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. ఆ రోజుల గిటారు మేస్త్రులకు ఇది బల్లలు చేసే వడ్రంగం పనిలా కనిపించింది. కానీ రాత్రి డ్యాన్సు హాల్లో వాయించి, తెల్లవారి మరో ఊరు పోవలసిన వాద్యకారుడికి కావలసింది అదే. అతని పొట్ట గడిచేది ఆ గిటారు మీద గదా!

అలా 1950లో వచ్చింది సాలిడ్ బాడీ గిటారు. మొదట దానికి బ్రాడ్‌కాస్టర్ అని పేరు. ఆ పేరుకు దగ్గరి పేరుతో గ్రెచ్ కంపెనీ డ్రమ్ములు అప్పటికే మార్కెట్లో ఉన్నాయి. వాళ్లు అభ్యంతరం చెప్పగానే 1951లో పేరు మార్చారు. టెలివిజను కొత్తగా ఊపందుకుంటున్న రోజులు కాబట్టి టెలికాస్టర్ అయింది. ఆ పేరు పెట్టినవాడు అమ్మకాలు చూసే డాన్ రాండాల్. లియోకు బేరసారాల మాటకారితనం లేదు. ఆయన చేసేవాడు, రాండాల్ అమ్మేవాడు. ఫెండర్ విజయంలో సగం ఈ పని పంపకానిదే.

అసలు సంచలనం 1951 చివర్లో వచ్చిన ప్రెసిషన్ బేస్. అప్పటిదాకా మంద్రస్థాయి వాయించాలంటే మనిషంత ఎత్తున్న డబుల్ బేస్ ఒక్కటే గతి. దాన్ని కారు పైకప్పు మీద కట్టుకుని తిరగాలి. అంత మోసినా డ్రమ్ములు, ట్రంపెట్ల మధ్య దాని గొంతు వినపడదు. పైగా దానికి మెట్లుండవు, స్వరం కుదరడానికి ఏళ్ల సాధన కావాలి. ఫెండర్ నాలుగు తీగలు, 34 అంగుళాల తీగ పొడవు, మెట్లు పెట్టి గిటారులా భుజాన వేసుకునే బేస్ చేశాడు. మెట్టు మీద వేలు పెడితే స్వరం ఖచ్చితంగా పలుకుతుంది. ఆ ఖచ్చితత్వమే ప్రెసిషన్ అనే పేరు. న్యాయంగా చెప్పాలంటే ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ 1930ల్లోనే మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ చేసి అమ్మకానికి పెట్టాడు. అది నిలదొక్కుకోలేదు. నిలబెట్టినవాడు ఫెండర్.

ఎందుకు నిలబెట్టగలిగాడు? బేస్ గిటారు ఒక్కటే అమ్మితే చాలదని ఆయనకు తెలుసు. యాంప్లిఫైయరు లేకపోతే ఆ పలక మూగది. మంద్రస్వరానికి స్పీకరు ఎక్కువ గాలిని కదిలించాలి, మామూలు గిటారు పెట్టె ఆ దెబ్బకు తట్టుకోదు. అందుకే వెనువెంటనే, 1952లో, బేస్‌మన్ అనే యాంప్లిఫైయరు తెచ్చాడు. 26 వాట్లు, ఒకే ఒక 15 అంగుళాల స్పీకరు. తర్వాత దాన్నే మార్చి నాలుగు 10 అంగుళాల స్పీకర్లు పెట్టాడు. తమాషా ఏమిటంటే, బేస్ కోసం చేసిన ఆ పెట్టెను గిటారు వాళ్లు ఎగరేసుకుపోయారు. లండన్‌లో సంగీత వాయిద్యాల దుకాణం నడిపే జిమ్ మార్షల్, అమెరికా సరుకు దిగుమతి ఖరీదు తన గిరాకీలకు భారమని గమనించి, బేస్‌మన్‌నే నమూనాగా పెట్టుకుని 1962లో సొంత యాంప్లిఫైయరు చేయించాడు. మార్షల్ అన్న పేరు ఈనాడు ఏ రాక్ వేదిక మీద చూసినా దాని మూలం ఫుల్లర్టన్ రిపేరు షాపులో ఉంది.

బేస్ గిటారును మొదట చూసి నవ్వినవాళ్లు లేకపోలేదు. కాని లయొనెల్ హాంప్టన్ జాజ్ బృందంలో రాయ్ జాన్సన్, ఆయన వెనుక మాంక్ మాంట్‌గొమరీ దాన్ని పట్టుకుని ఊరూరా తిరిగారు. 1957లో ఎల్విస్ ప్రెస్లీ బేసిస్టు బిల్ బ్లాక్ చేతికి వచ్చింది. మోటౌన్ రికార్డుల్లో జేమ్స్ జేమర్సన్ ప్రెసిషన్ మీద వాయించిన వరసలను బేసిస్టులు ఇప్పటికీ పాఠంలా సాధన చేస్తారు. మన దగ్గర ఇళయరాజా తెలుగు పాటల్లో గొంతుకు సమాంతరంగా కింద నడిచే బేస్ గిటారు వరసల్ని చెవి పెట్టి విన్నవాళ్లకు ఈ వాయిద్యం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

1954లో స్ట్రాటోకాస్టర్, 1960లో జాజ్ బేస్ వచ్చాయి. ఫ్రెడ్డీ టవారెస్, జార్జ్ ఫుల్లర్టన్ వంటి సహచరులు, బిల్ కార్సన్ వంటి వాద్యకారులు ఆ పనిలో ఉన్నారు. పలక అంచు పక్కటెముకలకు గుచ్చుకుంటోందని వాద్యకారులు గొణిగితే ఆ అంచు చెక్కేశాడు. ఇదే ఆయన పద్ధతి. నమూనా చేసి వాయించేవాడి చేతికివ్వడం, తిట్లు తినడం, మళ్లీ చేయడం. డిక్ డేల్ అనే గిటారిస్టు హోరుకు స్పీకర్లు వరసగా కాలిపోతుంటే విసుక్కోకుండా ఇంకా పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, ఇంకా గట్టి స్పీకరు వెతికాడు. షోమన్ యాంప్లిఫైయరు అలా పుట్టింది.

ప్రెసిషన్ కొనాలా, జాజ్ కొనాలా అన్న తర్జనభర్జన కుర్రకారులో నేటికీ ఉంది. ప్రెసిషన్ మెడ పైకొసన కాస్త వెడల్పు, జాజ్‌ది సన్నం, సుమారు ఒకటిన్నర అంగుళం. చిన్న చేతులకు జాజ్ సుఖం. ప్రెసిషన్‌కు 1957 నుంచి రెండు ముక్కలుగా చీల్చిన ఒకే పికప్, గుండ్రని బరువైన నాదం. జాజ్‌కు రెండు పికప్‌లు, వాటిని కలుపుకునే కొద్దీ రంగులు మారే నాదం. ఏది గొప్పదంటే, మీరు వాయించే పాటను బట్టి.

1950ల్లోనే లియోకు మొండి ఇన్ఫెక్షన్ పట్టుకుంది. ఇక ఎన్నాళ్లో బతకననుకున్నాడు. 1965 జనవరిలో కంపెనీని సి.బి.ఎస్.కు 130 లక్షల డాలర్లకు అమ్మేశాడు. ఆ తర్వాత వైద్యుడు మారాడు, జబ్బు నయమైంది! మనిషి దక్కాడు గాని కంపెనీ చేజారింది. పదేళ్లు పోటీ వ్యాపారం పెట్టకూడదన్న ఒప్పందం కాళ్లకు సంకెల. పెద్ద సంస్థ చేతిలో ఉత్పత్తి పెరిగింది, నాణ్యత మీద ఫిర్యాదులూ పెరిగాయి. అమ్మకానికి ముందువా, తర్వాతవా అన్నదాన్ని బట్టి పాత గిటార్ల ధరలు ఆకాశానికీ నేలకూ విడిపోయాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. 1970ల్లో ఎక్కువ చెడ్డపేరు తెచ్చుకున్న మూడు స్క్రూల మెడ అతుకులో, మెడ వాలు సరిచేసే ఉపాయం లియో సొంత ఆలోచనే. ఆలోచనలో తప్పులేదు, బిగింపులో శ్రద్ధ తగ్గింది. కాబట్టి తేదీ ఒక్కటే చూసి ధర కట్టడం తెలివి కాదు.

ఒప్పందం గడువు తీరాక ఆయన మ్యూజిక్ మ్యాన్ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. 1976లో అక్కడినుంచి స్టింగ్‌రే బేస్ వచ్చింది. బ్యాటరీతో నడిచే ప్రీయాంప్‌ను గిటారు ఒంట్లోనే పెట్టి పెద్ద ఎత్తున అమ్మిన తొలి బేస్‌లలో అది ఒకటి. తర్వాత జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ స్థాపించాడు. 1979లో ఎస్తర్ మరణించింది. మరుసటి ఏడు ఫిలిస్‌ను వివాహమాడాడు. పార్కిన్సన్స్ వ్యాధి చేతులను వణికిస్తున్నా పనిబల్ల వదల్లేదు. 1991 మార్చి 21న కన్నుమూశాడు. ముందురోజు కూడా పనికి వెళ్లి వచ్చాడు. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన పేరు చేర్చుకుంది. పాత కంపెనీని 1985లోనే సి.బి.ఎస్. నుంచి అందులో పనిచేసేవాళ్లే కొనుక్కున్నారు.

మన కాలేజీల్లో ఆర్కెస్ట్రాలు కట్టే కుర్రవాళ్లు సెకండ్ హ్యాండ్ సరుకు కొనేటప్పుడు ఈ రిపేరు మేస్త్రి చూపుతో చూస్తే మేలు. పేరు పలకను చూసి మురిసిపోకండి. మెడ వారగా పట్టుకుని వంకర ఉందేమో చూడండి. ప్రతి మెట్టు మీదా ప్రతి తీగా పలికించండి. నాబ్ తిప్పితే గరగర వస్తే అది చిన్న ఖర్చు, మెడ మెలిపడితే పెద్ద ఖర్చు. పాతదని ఎక్కువ చెప్తే మెడ విప్పి మడమ మీది తేదీ, లోపలి పొటెన్షియోమీటర్ల మీది అంకెలు సరిపోల్చండి. తయారీ సంవత్సరం, వారం ఆ అంకెల్లోనే ఉంటాయి. అమెరికా యాంప్లిఫైయరు అయితే అది 110-120 వోల్టులదేమో చూసుకోవాలి. మన 230 వోల్టులకు తిన్నగా తగిలిస్తే ఆ కచేరీయే ఆఖరిది. వాల్వు యాంప్లిఫైయరును స్పీకరు కలపకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి. బేస్ గిటారును చిన్న గిటారు పెట్టెకు తగిలించి గట్టిగా పెంచకండి. డబ్బు పరిమితమైతే గిటారు కాస్త మామూలుదైనా ఫరవాలేదు, యాంప్లిఫైయరులో శక్తి ఉండాలి.

ఫెండర్ కళాకారుడు కాడు. కళాకారుడి కష్టం విన్నవాడు. పట్టా లేదనో, తనకు వాయించడం రాదనో ఆయన కుంగిపోలేదు. తనకు తెలియనిది తెలిసినవాళ్లను అడిగాడు, వాళ్లు చెప్పింది విని చేతులతో సరిదిద్దాడు. క్లాసురూములో కూర్చున్న మనకు ఆయన జీవితంలో నేర్చుకోదగ్గ పాఠం అదే.