బువ్వన్న బిడ్డ డొక్కా సీతమ్మ

మెస్సు గంట కొట్టంగనే మనం ప్లేట్లు పట్టుకొని లైన్ల నిలబడతం. కూర పలుచగైందని గొణుగుతం. పొద్దుగాల చీకట్ల లేచి పొయ్యి ముట్టించినోళ్ల సంగతి మనకు యాదికి రాదు. నేను గూడ అంతే. డొక్కా సీతమ్మ గారి కథ తెలిసినంక మాత్రం కొంచెం సిగ్గనిపించింది.

ఆమెది మన నల్లగొండ, పాలమూరు దిక్కు కాదు. గోదావరి సముద్రంలో కలిసే కోనసీమ. 1841లో మండపేటలో జన్మించింది. తండ్రి అనుప్పిండి భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. వచ్చినవారికల్లా అన్నం పెడుతుండేసరికి ఊరివాళ్లు ఆ తండ్రిని బువ్వన్న అని పిలిచేవారట. మనం చిన్నప్పుడు అమ్మనడిగిన బువ్వే అది! తల్లి తొందరగా చనిపోవడంతో ఇంటి పొయ్యి సీతమ్మ చేతికొచ్చింది.

లంకల గన్నవరంలోని డొక్కా జోగన్న గారితో పెళ్లయింది. లంక అంటే నది పాయల మధ్య ఉండే మట్టి దిబ్బ. అప్పుడు బస్సులు లేవు, పడవలే దిక్కు. వరదొస్తే అవి కూడా ఆగిపోతయి. దారిన పోయేవాళ్లు, పిల్లాజెల్లా, అంతర్వేది యాత్రికులు ఆకలితో చిక్కుకుపోయేవారు. వాళ్లందరికీ సీతమ్మ ఇల్లే ఆధారం. నడిరాత్రి తలుపు కొట్టినా లేచి వండి పెట్టేది. అది హోటలు కాదు, బిల్లు లేదు. కులం అడిగేది కాదని చెబుతారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ ఇంట్లో ఇది చిన్న మాట కాదు. మన తండాలోళ్లు, పెంటలోళ్లు ఎక్కడ కూర్చొని తినాలో ఊరు చెప్పిన కాలం మన తాతలకు ఎరుకే.

అందరూ చెప్పుకునే సంగతి ఒకటుంది. ఎన్నాళ్లనుంచో అనుకున్న అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి ఆమె పల్లకీలో బయలుదేరింది. దారిలో ఆగినచోట కొందరు ప్రయాణికులు, ఆకలని ఏడుస్తున్న పిల్లలను, ఇంకాసేపట్లో సీతమ్మ గారింటికి పోతం, అక్కడ తిందురని ఊరడిస్తుండ్రు. ఆ మాట చెవిన పడంగనే ఆమె పల్లకీ వెనక్కి తిప్పించింది. వాళ్లకంటే ముందే ఇల్లు చేరి వండింది. స్వామి దర్శనం మాత్రం కాలేదు. మొదలు పోయి దర్శనం చేసుకొని రావొచ్చు గదా అని మా రూములో ఒకడన్నడు. దర్శనమైతే రేపు గూడ దొరుకుతది, ఆ పిల్లల ఆకలి రేపటిదాక ఆగదు గదా అని నేనన్న. వాదన ఇంకా తెగలేదు.

1903లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి రమ్మని ఆమెకు పిలుపొచ్చిందట. పోనన్నది. కనీసం ఫోటో అయినా పంపకుంటే తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమిలాడితే, ఆయన కోసం ఒప్పుకున్నదంటారు. మన పుస్తకాలలో ఫోటో సంగతే పెద్దగా రాస్తరు. నాకైతే పల్లకీ సంగతే పెద్దది.

ఇంత పెట్టినంక ఆస్తి కరగకుంటదా? కరిగింది. అయినా పొయ్యి ఆర్పలేదు. 1909లో ఆమె కన్నుమూసింది.

గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టిండ్రు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులలో పిల్లలు తినే మధ్యాహ్న భోజన పథకానికి కూడా డొక్కా సీతమ్మ పేరే ఉన్నది.

మన వంటశాల వెనుక ఎర్ర కుక్క రోజూ మన ప్లేట్ల కోసం కాచుకొని కూర్చుంటది. నిన్న రాత్రి నేను అన్నం వదలలేదు. అది నా దిక్కే చూసింది. ఇవ్వాళ దాని వంతు విడిగా తీసిపెట్టిన.