వీరేశలింగం గారింట్లో బిందెలు
మా గణపవరం చెరువుగట్ల మీద అసలు మగాడెవడనే వాదన వస్తే నేను చెప్పే పేరు కందుకూరి వీరేశలింగం. 1848లో రాజమండ్రిలో పుట్టారు. చిన్నతనంలోనే రాజ్యలక్ష్మమ్మతో పెళ్లయింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. అంతే, వెలేశారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేశారు. అప్పుడు గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసింది, పెళ్లివారికి వండి పెట్టింది రాజ్యలక్ష్మమ్మే. పేరేమో ఎక్కువగా ఆయనకే వచ్చింది, అది మాత్రం నాకు నచ్చదు. ఆశ్రయం కోరి వచ్చిన వితంతువుల్ని చూసుకున్నదీ ఆవిడే. వాళ్లకి పిల్లల్లేరు. ఆ వంకతో మగాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోవడం ఆ రోజుల్లో మామూలే, ఆయన చేసుకోలేదు. ఆస్తంతా హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. 1910లో ఆవిడ పోయాక తొమ్మిదేళ్లు ఒంటరిగానే బతికారు.