మిషెల్ రేమండ్

మిషెల్ జోకిం మారీ రేమండ్ (1755 - 1798) హైదరాబాదు నిజాం సైన్యంలో సేనాధిపతిగా పనిచేసిన ఫ్రెంచి దేశస్థుడు. ప్రజలు ఇతనిని మూసారాముడనీ, మూసా రహీమనీ పిలిచేవారు. హైదరాబాదులోని మూసారాంబాగ్‌కు ఈ పేరు ఇతని వలననే వచ్చింది.

జీవితం
రేమండ్ ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో జన్మించాడు. 1775లో వ్యాపారం నిమిత్తం పుదుచ్చేరి చేరి, తరువాత సైన్యంలో ప్రవేశించాడు. మైసూరులో హైదర్ అలీ పక్షాన, అటుపై బుస్సీ వద్ద పనిచేశాడు. 1785లో బుస్సీ మరణించిన పిమ్మట రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు.

సైన్యం, ఫిరంగుల కర్మాగారం
రేమండ్ కొద్దిపాటి దళంతో మొదలుపెట్టి, ఐరోపా పద్ధతిలో శిక్షణ పొందిన సుమారు 14,000 మంది సైన్యాన్ని తయారుచేశాడు. ఇతని పర్యవేక్షణలో ఫతే మైదాన్ సమీపాన ఫిరంగులు, గుండ్లు పోతపోసే కర్మాగారం వెలసింది. తోప్ కా సాంచా అనే ఈ కట్టడం వలన ఆ ప్రాంతానికి గన్‌ఫౌండ్రీ అని పేరు వచ్చింది.

1788లో గుంటూరు సర్కారును ఆంగ్లేయులకు అప్పగించిన నిజాం, 1795లో మరాఠాలతో ఖర్దా యుద్ధం వచ్చినపుడు వారి నుండి సహాయం పొందలేకపోయాడు. ఆ యుద్ధంలో నిజాం ఓడిపోయినా రేమండ్ దళానికి ప్రాధాన్యం పెరిగింది. అదే సంవత్సరం తండ్రిపై తిరుగుబాటు చేసిన ఆలీ జా అనే రాకుమారుని రేమండ్ అణచివేశాడు. కడప, కంభం ప్రాంతాలలో ఇతని సేనలను ఉంచటం కర్ణాటక సరిహద్దుకు ప్రమాదమని ఆంగ్లేయులు అభ్యంతరం తెలిపారు.

మరణం
రేమండ్ 1798 మార్చి 25న ఆకస్మికంగా మరణించాడు. విషప్రయోగం జరిగిందన్న అనుమానాలు వ్యాపించినా అవి నిర్ధారణ కాలేదు. అదే సంవత్సరం సెప్టెంబరు 1న నిజాం ఆంగ్లేయులతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేసి రద్దుచేశారు. దానితో దక్కనులో ఫ్రెంచివారి పలుకుబడి అంతరించింది.

సమాధి
మలక్‌పేట సమీపాన అస్మాన్‌గఢ్ గుట్టపై ఇతని సమాధి ఉంది. నల్లరాతితో కట్టిన సుమారు 7 మీటర్ల ఎత్తయిన ఈ స్తంభంపై ఇతని పేరులోని జె.ఆర్. అనే పొడి అక్షరాలు ఉన్నాయి. మతభేదం లేకుండా నగర ప్రజలు చాలాకాలం వర్ధంతినాడు ఇక్కడ దీపాలు వెలిగించి, ధూపం వేసేవారు. 2001లో భారీ వర్షాలకు ప్రక్కనున్న స్తంభాల మండపం కూలిపోగా, తరువాత దానిని పునర్నిర్మించారు.