రహీం సాబ్‌కు జయంతి అభినందన

ఆగస్టు 17 ఫుట్‌బాల్‌ను ప్రేమించే వాళ్లందరికీ పండుగ రోజు. 1909లో ఇదే తేదీన హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం పుట్టారు. మన నేల మీద బంతి తన్నిన ప్రతి పిల్లవాడూ తలుచుకుని దండం పెట్టవలసిన పెద్దాయన. కంభం క్రీడాభిమానుల తరఫున ఆ మహనీయుడికి మనసారా జయంతి నమస్సులు.

రహీం సాబ్ బడిపంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా బాధ్యత తీసుకుని, చివరిదాకా దాన్ని దించలేదు. ఆఫీసులో కూర్చుని సంతకాలు పెట్టడంతో ఆయన పని తీరేది కాదు. ఏ కాలికి బలం తక్కువో ఆ కాలితోనే ఆడాలని పోటీలు పెట్టించారు. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితో తంటాలు పడాల్సిందే. బంతిని వెంటబెట్టుకుని ఒక్కడే పరుగెత్తకుండా, వెంటవెంటనే పక్కవాడికి అందించాలని ఇంకో పోటీ. పొట్టి పిల్లలు వెనకబడిపోకుండా వాళ్లకు విడిగా మరో పోటీ. లోపం ఎక్కడుందో కనిపెట్టి అక్కడే సాధన చేయించడం ఆయన పద్ధతి.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆట ఆయన కంటపడింది. సెలక్షన్‌కు రమ్మన్నారు. రోజూ హైదరాబాద్ దాకా వచ్చే స్తోమత లేదన్నాడు కుర్రాడు. సైకిల్ అద్దె డబ్బులు తానే ఇచ్చి రప్పించుకున్నారు రహీం సాబ్. ఆ బలరామే రెండు ఒలింపిక్స్ ఆడి, ఏషియాడ్ స్వర్ణం గెలిచిన జట్టులో నిలిచాడు.

ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరండ్ కప్ తెచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఏషియాడ్ స్వర్ణం అందుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్‌కు చేరింది. ఆసియా నుంచి అంతదూరం వెళ్లిన తొలి జట్టు మనదే.

ఇక 1962 జకార్తా ఏషియాడ్. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోల్ కొడితే, రెండోది కుట్లు పడ్డ తలతో ఆడుతున్న జర్నైల్ కొట్టాడు. 2-1తో స్వర్ణం మనదైంది. ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న, రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు మరో స్వర్ణం రాలేదు. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా పుణ్యమా అని ఈ తరం పిల్లలకు ఆయన పేరు తెలిసింది.

గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టిన మా కంభం చెరువు దిగువ పొలాలను పండించినట్టే, రహీం సాబ్ పక్కన నిలబడి ఇతరుల ఆటను పండించారు. అలాంటి వాళ్లు మన మధ్యా ఉన్నారు. కంభంలో, గిద్దలూరులో, మార్కాపురంలో తెల్లారేసరికి మైదానానికి వచ్చి సున్నంతో గీతలు గీసేవాళ్లు, బంతికి గాలి కొట్టేవాళ్లు, పోటీలకు వెళ్లే పిల్లాడికి బస్సు చార్జీ జేబులో పెట్టేవాళ్లు. పేపర్లో వాళ్ల పేరు పడదు, మెడలో పతకం పడదు. వాళ్లు లేని రోజు మాత్రం ఆట జరగదు.

అందుకే ఈ జయంతిని ఊరూరా జరుపుకుందాం. రహీం సాబ్ పటానికి పూలమాల వేశాక, మన మైదానం కోసం పాటుపడే ఆ మనిషిని పదిమందిలోకి పిలిచి శాలువా కప్పుదాం. గెలిచిన పిల్లల చేతులతోనే కప్పిద్దాం. ఆ పెద్దలందరికీ అభినందనలు. నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి, వాళ్ల చేతుల మీదుగా మరెందరో బలరాములు ఎదగాలి!