జోడేఘాట్ వీరుడు కొమురం భీం

ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు మనమంతా జోడేఘాట్ చేరుకుంటాం. భీంకు పూజ చేసి, అమరులను తలుచుకుని వస్తాం. భీం ఎవరని మా హాస్టల్ పిల్లలను అడిగితే, నిజాం సర్కారు మీద తుపాకీ పట్టిన వీరుడని ఠక్కున చెబుతారు. తుపాకీ పట్టకముందు ఆయన అర్జీలు పట్టుకుని తిరిగిన సంగతి చాలామందికి తెలియదు. ఈ వర్ధంతికి ఆ సంగతి కూడా చెప్పుకుందామని మేము అనుకున్నాం.

భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గరి సంకెపల్లిలో గోండు కుటుంబంలో పుట్టాడని చెప్పుకుంటాం. మన తాతలు అడవి నరికి, సాగు చేసి, నేల సత్తువ తగ్గితే మరో చోటికి వెళ్లేవారు. ఎవరి చేను ఏదో ఊరందరికీ తెలుసు, ఏ కాగితమూ అక్కర్లేకపోయేది. నిజాం సర్కారు అడవిని రిజర్వు చేస్తూ గీతలు గీసేసరికి ఆ చేలు అడవి శాఖవి అయిపోయాయి. మంచి నల్లరేగడి భూములను బయటి నుంచి వచ్చినవారు తమ పేర పట్టా చేయించుకున్నారు. దున్నినవాడికి భూమి ఉంది గాని కాగితం లేదు. కాగితం ఉన్నవాడు ఒక్కరోజూ నాగలి పట్టలేదు. పశువులు మేపినా, కట్టె తెచ్చుకున్నా పన్ను కట్టాల్సి వచ్చేది.

తండ్రి పోయాక భీం కుటుంబం సర్దాపూర్ చేరి కొత్తగా అడవి కొట్టి సాగు చేసింది. పంట చేతికొచ్చే వేళకు ఆ భూమి తనదంటూ సిద్దిఖీ అనేవాడు వచ్చాడు. ఆ గొడవలో అతడు భీం చేతిలో చనిపోయాడని, భీం ఊరు విడిచి చాందా వైపు, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకు వెళ్లాడని మన పెద్దలు చెబుతారు. ఈ పరదేశపు రోజుల్లోనే ఆయన చదవడం, రాయడం నేర్చుకున్నాడంటారు. టీచర్ ట్రైనింగ్ చేసిన మాకు ఈ మాట ఎంతో విలువైనదిగా అనిపిస్తుంది.

కొన్నేళ్లకు తిరిగొచ్చి కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర పనికి కుదిరాడు. సోంబాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత బాబేఝరి ప్రాంతంలో తనవాళ్లతో కలిసి సాగు మొదలుపెట్టాడు. గోండులు, కోలాములు అక్కడ పన్నెండు ఊళ్లు కట్టుకున్నారు. అటవీ సిబ్బంది వచ్చి ఖాళీ చేయమన్నారు, గుడిసెలు తగలబెట్టారు. భీం సర్కారుకు అర్జీలు పెట్టాడు, హైదరాబాద్ దాకా వెళ్లాడు. ఎవరూ వినలేదు. అప్పుడే కొమురం సూరు వంటి సహచరులతో కలిసి ఆయుధం పట్టాడు. నీళ్లు, అడవి, భూమి మనవేనన్న మాట గూడెం గూడేనికి పాకింది. 1940లో పోలీసు బలగాలు జోడేఘాట్ గుట్టలను చుట్టుముట్టి కాల్పులు జరిపాయి. భీం, ఆయన వెంట ఉన్న మరికొందరు అక్కడే ఒరిగిపోయారు.

గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తకు పని అప్పగించింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో ఉండి మన భాష, మన బాధ తెలుసుకున్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు తయారయ్యాయి. వేల కుటుంబాలకు భూమి పట్టాలు అందాయి. భీం బతికుండగా అర్జీలకు దొరకనిది ఆయన నెత్తురు చిందాక దొరికింది. ఈ మాట రాస్తుంటే మాకు గర్వమూ కలుగుతుంది, దుఃఖమూ కలుగుతుంది.

2016లో ఆసిఫాబాద్ జిల్లాకు భీం పేరు పెట్టారు. జోడేఘాట్‌లో మ్యూజియం వచ్చింది. కాగితం కష్టం మాత్రం పూర్తిగా తీరలేదు. మొన్న సెలవులకు ఇంటికెళ్లిన మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, తండ్రి పెట్టెలో దాచిన పోడు పట్టా చదివింది. దున్నుతున్న భూమికన్నా అందులో రాసింది తక్కువగా ఉంది. ఇన్నేళ్లూ ఆ కాగితం ఇంట్లో ఉన్నా చదివినవారు లేరు. హాస్టల్‌కు వచ్చాక ఆ పిల్ల మా దగ్గర కూర్చుని గ్రామసభకు అర్జీ రాసుకుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో హక్కు తేల్చే పని గ్రామసభతోనే మొదలవుతుందని అప్పుడే అందరికీ చెప్పాం. ఆ అర్జీకి జవాబు ఇంకా రాలేదు.

ఈ సంచిక చదివే మన యువత ఈసారి పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల భూమి కాగితాలు ఒకసారి బయటికి తీయండి. పేరు, హద్దులు, విస్తీర్ణం గట్టిగా చదివి వినిపించండి. తప్పుంటే గ్రామసభలో లేవనెత్తండి.

కొమురం భీంకు, జోడేఘాట్ అమరులకు మా హాస్టల్ పిల్లలందరి తరఫున జోహార్లు. జై సేవా.