ఆంటన్ డోర్న్

ఫెలిక్స్ ఆంటన్ డోర్న్ (డిసెంబర్ 29, 1840 - సెప్టెంబర్ 26, 1909) ప్రముఖ జర్మన్ జంతుశాస్త్రవేత్త. ఇటలీలోని నేపుల్స్ నగరంలో సముద్రజీవుల పరిశోధనకై ఏర్పడిన నేపుల్స్ జంతుశాస్త్ర కేంద్రానికి ఇతడు స్థాపకుడు, తొలి సంచాలకుడు. డార్విన్ పరిణామవాదాన్ని మొదటి తరంలో స్వీకరించిన జర్మన్ శాస్త్రవేత్తలలో ఒకడు. సముద్రపు సాలీళ్ళు అనబడే వింత జీవుల వర్గీకరణపై 1881లో ఇతడు రచించిన బృహద్గ్రంథం ఆ రంగంలో మూలగ్రంథాలలో ఒకటిగా నిలిచింది. కేంద్రం స్థాపకుడిగా డోర్న్ పేరు అందరికీ తెలిసినా, ఈ గ్రంథాన్ని గురించి తెలిసినవారు తక్కువ. నిజానికి ఆ రెండు పనులకూ మూలం ఒక్కటే.

బాల్యం, విద్యాభ్యాసం

డోర్న్ అప్పటి ప్రష్యా రాజ్యంలోని పొమరేనియా ప్రాంతంలో, స్టెట్టిన్ నగరంలో (ప్రస్తుతం పోలండ్ లోని షెచిన్) ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తాత హైన్రిక్ డోర్న్ చక్కెర వ్యాపారంలో ధనం గడించాడు. తండ్రి కార్ల్ ఆగస్ట్ డోర్న్ వ్యాపారం కంటే కీటకశాస్త్రం పట్ల, సంగీత సాహిత్యాల పట్ల మక్కువ చూపినవాడు. స్టెట్టిన్ కీటకశాస్త్ర సంఘానికి అధ్యక్షుడిగా ఉండేవాడు. స్వరకర్త ఫెలిక్స్ మెండెల్‌సన్ ఆ కుటుంబానికి మిత్రుడు. కొడుకుకు ఫెలిక్స్ అనే పేరు ఆయనను బట్టి పెట్టినదే.

ఇంట్లో పురుగుల సేకరణల మధ్య పెరిగిన డోర్న్ కోనిగ్స్‌బర్గ్, బాన్, యేనా, బెర్లిన్ విశ్వవిద్యాలయాలలో వైద్యం, జంతుశాస్త్రం చదివాడు. తొలినాళ్ళలో చదువుపై పెద్దగా ఆసక్తి కనబరచలేదు. 1862లో తిరిగి యేనా చేరినపుడు ఎర్నెస్ట్ హెకెల్ ఇతడికి డార్విన్ సిద్ధాంతాన్ని పరిచయం చేసాడు. అప్పటి వరకు జాతుల పేర్లు, లక్షణాల జాబితాగా కనిపించిన జంతుశాస్త్రం డోర్న్‌కు ఒక వంశచరిత్రగా కనిపించసాగింది. 1865లో బ్రెస్లావ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1868లో యేనాలో అధ్యాపకుడిగా అర్హత సంపాదించాడు. కాలక్రమంలో హెకెల్‌తో ఇతడికి విభేదాలు ఏర్పడి ఆ స్నేహం చెదిరిపోయింది.

మెస్సీనా అనుభవం

ఒక జంతువు ఏ వంశానికి చెందినదో తెలుసుకోవాలంటే దాని పిండాభివృద్ధిని గమనించాలని ఆ తరం పరిణామవాదులు నమ్మారు. అందుకు బ్రతికి ఉన్న జంతువులు, వాటి గుడ్లు, డింభకాలు కావాలి. డోర్న్ వీటికై 1865లో హెలిగోలాండ్ దీవికి, తరువాత స్కాట్లండ్ లోని మిల్‌పోర్ట్‌కు వెళ్ళాడు. 1868-69 శీతాకాలం సిసిలీ దీవిలోని మెస్సీనాలో గడిపాడు. రష్యన్ శాస్త్రవేత్త మిక్లూఖో-మక్లాయ్ అక్కడ ఇతడి సహచరుడు.

ఆ రోజుల్లో సముద్రతీరానికి వెళ్ళే శాస్త్రవేత్త సూక్ష్మదర్శిని, రసాయనాలు, పుస్తకాలు అన్నీ వెంట మోసుకుపోవాలి. బస వెతుక్కోవాలి, జాలరులతో బేరం కుదుర్చుకోవాలి. పారే సముద్రపు నీరు ఉండదు కాబట్టి తెచ్చిన జీవులు త్వరగా చనిపోయేవి. డోర్న్ స్కాట్లండ్ నుండి మెస్సీనాకు ఒక నీటితొట్టిని ఓడలో తెప్పించుకున్నాడంటే ఈ ఇబ్బంది ఎంతటిదో ఊహించవచ్చు. రైలు ప్రయాణికుడికి దారి పొడవునా స్టేషన్లు ఉన్నట్లే శాస్త్రవేత్తకు తీరం పొడవునా పరిశోధనా కేంద్రాలు ఉండాలనే ఆలోచన ఇతడికి అక్కడే కలిగింది. మిత్రులిద్దరూ మెస్సీనాలో అటువంటి కేంద్రం స్థాపించాలనుకున్నారు గాని అది నెరవేరలేదు. మక్లాయ్ న్యూగినీ వెళ్ళి, చాలాకాలం తరువాత ఆస్ట్రేలియాలోని సిడ్నీ వద్ద ఒక సముద్రజీవ పరిశోధనా కేంద్రం నెలకొల్పాడు.

నేపుల్స్ కేంద్రం

1870లో డోర్న్ తన దృష్టిని నేపుల్స్ వైపు మళ్ళించాడు. పెద్ద నగరం, ఏడాది పొడవునా యాత్రికులు వచ్చే చోటు, ఎన్నో రకాల జీవులున్న అఖాతం - ఈ మూడూ అక్కడ ఉన్నాయి. సందర్శకులు టికెట్టు కొని చూసే అక్వేరియం ఒకటి కట్టి, ఆ ఆదాయంతో పై అంతస్తులో పరిశోధనాలయం నడపాలన్నది ఇతడి పథకం. అదే సంవత్సరం ఇంగ్లండు వెళ్ళి డార్విన్‌ను ఆయన ఇంటివద్ద కలుసుకున్నాడు. డార్విన్, హక్స్‌లీ ఇద్దరూ ఈ పథకాన్ని బలపరిచారు.

నేపుల్స్ పురపాలక సంఘం సముద్రపు ఒడ్డున ఉన్న ఉద్యానవనంలో స్థలం ఇవ్వడానికి అంగీకరించింది. కట్టడం ఖర్చు మాత్రం డోర్న్‌దే. 1872 మార్చిలో పని మొదలయింది. కుటుంబ ఆస్తిలో పెద్ద భాగం ఇందులోకి పోయింది. మొదట అంతగా ఇష్టపడని తండ్రి చివరకు ధనసహాయం చేసాడు. 1873 సెప్టెంబరులో శాస్త్రవేత్తలు పని ప్రారంభించారు. 1874 జనవరిలో అక్వేరియం తెరిచారు. అధికారిక ప్రారంభోత్సవం 1875 ఏప్రిల్ 14న జరిగింది. భవనంలోని ఒక గదిని హన్స్ ఫాన్ మారీస్, అడోల్ఫ్ ఫాన్ హిల్డెబ్రాండ్ అనే కళాకారులు కుడ్యచిత్రాలతో అలంకరించారు. జాలరులు, నారింజ తోట, మిత్రులతో కూర్చున్న డోర్న్ ఆ చిత్రాలలో కనిపిస్తారు.

అక్వేరియం టికెట్లతో ఖర్చులు గడవవని త్వరలోనే తేలిపోయింది. అప్పుడు డోర్న్ బల్లల అద్దె పద్ధతి ప్రవేశపెట్టాడు. ఒక ప్రభుత్వం గాని విశ్వవిద్యాలయం గాని ఏడాదికి నిర్ణీత రుసుము చెల్లిస్తే ఒక పరిశోధన బల్ల వారిదవుతుంది. వారు పంపిన శాస్త్రవేత్తకు గది, రసాయనాలు, గ్రంథాలయం, ప్రతి ఉదయం అఖాతం నుండి తెచ్చిన తాజా జీవులు లభిస్తాయి. ఏమి పరిశోధించాలో కేంద్రం నిర్దేశించదు. 1909 నాటికి ఐరోపా, అమెరికాల నుండి 2,200 మందికి పైగా శాస్త్రవేత్తలు ఇక్కడ పని చేసారు. సొరచేపల పిండాభివృద్ధిపై ఫ్రాన్సిస్ బాల్ఫర్, సముద్రపు ముళ్ళచెండు (సీ అర్చిన్) గుడ్లపై హన్స్ డ్రీష్, థియొడార్ బొవేరి చేసిన పరిశోధనలు ప్రసిద్ధమైనవి. 1879లో ట్యూరిన్ అకాడమీ నుండి బహుమతి లభించినపుడు డార్విన్ అందులో 100 పౌన్లు కేంద్రానికి పరికరాల కోసం ఇస్తానని డోర్న్‌కు వ్రాసాడు.

కేంద్రంలో బాలుడిగా చేరిన సాల్వతోరె లో బియాంకో అనే స్థానికుడు సున్నితమైన జీవులను ముడుచుకుపోకుండా భద్రపరచడంలో అపారమైన నేర్పు సంపాదించాడు. ఇక్కడ తయారైన నమూనాలు ప్రపంచంలోని అనేక మ్యూజియంలకు చేరాయి.

సముద్రపు సాలీళ్ళపై పరిశోధన

సముద్రపు సాలీళ్ళకు శాస్త్రీయంగా పిక్నోగొనిడా అని, పాంటోపోడా అని పేర్లు. పాంటోపోడా అంటే ఒళ్ళంతా కాళ్ళే అని అర్థం. ఈ పేరు అతిశయోక్తి కాదు. వీటి మొండెం ఎంత సన్ననిదంటే జీర్ణనాళం కొమ్మలు, బీజకోశాలు కాళ్ళలోకి విస్తరించి ఉంటాయి. నోరు ఒక తొండం చివర ఉంటుంది. శ్వాసకు ప్రత్యేకమైన అవయవాలు లేవు.

ఇంతకీ ఇవి సాలీళ్ళా? 18వ శతాబ్దంలో వీటిని నేలమీద తిరిగే పొడుగు కాళ్ళ జీవులతో కలిపి ఫలాంజియం ప్రజాతిలో చేర్చారు. ఫ్రెంచి శాస్త్రవేత్తలలో లాత్రె సాలీళ్ళ వైపు మొగ్గగా, మిల్న్-ఎడ్వర్డ్స్ రొయ్యలు, పీతలు ఉండే క్రస్టేషియన్లలో చేర్చాడు. డోర్న్ 1860ల చివర తన తొలి అధ్యయనంలో వీటి డింభకాన్ని క్రస్టేషియన్ల డింభకంతో పోల్చాడు. నేపుల్స్ వచ్చాక మాత్రం ఆ అభిప్రాయాన్ని విడిచిపెట్టాడు.

జాతులను గుర్తించడమే వీటి విషయంలో పెద్ద చిక్కు. తల భాగంలో మూడు జతల చిన్న ఉపాంగాలు ఉంటాయి: కొండిగలు, స్పర్శాంగాలు, గుడ్లు మోసే కాళ్ళు. ఇవి ఉన్నాయా లేవా, ఎన్ని కణుపులు ఉన్నాయి అన్నదాని మీదే వర్గీకరణ ఆధారపడుతుంది. అయితే పిల్లదశలో ఉన్న కొండిగలు కొన్ని జాతులలో పెద్దయ్యాక మాయమవుతాయి. కొన్నింటిలో గుడ్లు మోసే కాళ్ళు మగవాటికే ఉంటాయి. పైగా ఈ జీవులలో గుడ్లను మోసేది తండ్రి. ఈ సంగతి తెలియక 1870ల వరకు గుడ్లతో దొరికిన ప్రతి జీవినీ ఆడదిగా లెక్కగట్టేవారు. అందువల్ల సారాయి సీసాలో ఉన్న ఒక్క నమూనాను చూసి పేరు పెడితే, ఒకే జాతికి చెందిన మగ, ఆడ, పిల్ల జీవులు మూడు వేరు వేరు జాతులుగా నమోదయ్యే ప్రమాదం ఉంది.

డోర్న్‌కు ఈ ఇబ్బంది లేదు. కేంద్రం పడవలు తెచ్చిన జీవులు సజీవంగా చేతికందేవి. గుడ్డు నుండి పెద్ద జీవి వరకు వివిధ దశలను, ఆడ మగ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలిగాడు. నేపుల్స్ అఖాతపు పాంటోపోడులపై ఇతడి గ్రంథం 1881లో, కేంద్రం ప్రచురించే అఖాత జీవజాల గ్రంథమాలలో వెలువడింది. ట్రైగయస్, నియోపల్లీన్ ప్రజాతులు ఇందులో వర్ణించబడినవే. ఇతడు పేరు పెట్టిన పలు జాతులు ఈనాటికీ చెల్లుబాటులో ఉన్నాయి.

సరిగ్గా అదే సంవత్సరం, 1872-76 మధ్య ప్రపంచ సముద్రాలను శోధించిన ఛాలెంజర్ నౌక తెచ్చిన సముద్రపు సాలీళ్ళపై హాలండ్ శాస్త్రవేత్త హూక్ నివేదిక వెలువడింది. అగాధంలో నివసించే కొలొసెండీస్ వంటి పెద్ద జీవులు అందులో ఉన్నాయి. ఈ ప్రజాతిలో కాళ్ళు చాచిన కొలత 70 సెంటీమీటర్ల దాకా ఉండే జాతి కూడా కలదు. లోతు సముద్రపు నమూనాలు కొద్దిగానే దొరుకుతాయి, దొరికినవీ తరచు కాళ్ళు విరిగి వస్తాయి. ఈ రెండు గ్రంథాలనూ కలిపి చదివితే ఒకదాని బలం ఏమిటో మరొకదాని వల్ల తెలుస్తుంది: హూక్ వద్ద సముద్రపు వైశాల్యం ఉంది, డోర్న్ వద్ద జీవి సంపూర్ణ జీవితం ఉంది.

తన పరిశీలన ఆధారంగా డోర్న్ ఇవి సాలీళ్ళూ కావు, క్రస్టేషియన్లూ కావు, వానపాము వంటి అనెలిడ్ల పూర్వీకుల నుండి వేరుగా చీలిన శాఖ అని నిర్ధారించాడు. ఈ నిర్ధారణలో రెండవ సగం నిలబడలేదు. అనెలిడ్ల నుండే వెన్నెముక గల జంతువులు వచ్చాయని 1875లోనే వాదించిన డోర్న్‌కు ప్రతి చిక్కుకూ అనెలిడ్లే సమాధానంగా తోచాయని చెప్పవచ్చు. ఆ 1875 గ్రంథంలో ప్రతిపాదించిన విధుల మార్పు సూత్రం మాత్రం, అనగా ఒక అవయవం ఒక పనికై ఏర్పడి క్రమంగా మరొక పనికి మళ్ళుతుందన్న భావన, పరిణామ శాస్త్రంలో గుర్తింపు పొందింది.

చివరి సంవత్సరాలు

1882 నుండి డోర్న్ వెన్నెముక గల జంతువుల శరీర నిర్మాణ మూలాలపై, ముఖ్యంగా తల భాగపు పిండాభివృద్ధిపై, సుదీర్ఘమైన వ్యాసపరంపర వెలువరించాడు. కాని నిధుల సేకరణ, ప్రభుత్వాలతో ఉత్తరప్రత్యుత్తరాలు, భవన విస్తరణ ఇతడి కాలంలో అధికభాగాన్ని హరించాయి. ఇతరుల పరిశోధనకు వసతి కల్పించడంలో తన పరిశోధన వెనుకబడిందనడం అన్యాయం కాదు.

మెస్సీనాలో పరిచయమైన మరీ ఫాన్ బరనోవ్‌స్కాను 1874లో వివాహం చేసుకున్నాడు. డోర్న్ 1909 సెప్టెంబర్ 26న మ్యూనిక్ నగరంలో మరణించాడు. అనంతరం కుమారుడు రైన్‌హార్డ్ డోర్న్ కేంద్రం సంచాలకుడయ్యాడు. ప్రస్తుతం ఆ సంస్థ ఆంటన్ డోర్న్ పేరుతోనే నడుస్తున్నది.

తరువాతి కాలం

ఒక జర్మన్ మత్స్య పరిశోధక నౌకకు ఆంటన్ డోర్న్ పేరు పెట్టారు. ఆ నౌకను బట్టి స్కాట్లండ్‌కు పశ్చిమాన అట్లాంటిక్ లోని ఒక సముద్రగర్భ పర్వతానికి ఆంటన్ డోర్న్ సీమౌంట్ అనే పేరు వచ్చింది. బల్లపరుపు శిఖరం గల ఈ అగ్నిపర్వతపు దిబ్బ పైభాగం సముద్ర ఉపరితలానికి సుమారు 600 మీటర్ల లోతున ఉంది. జీవితమంతా తీరానికి దగ్గరి నీటిలో పని చేసిన శాస్త్రవేత్త పేరు ఇలా నడిసముద్రంలో నిలిచింది.

సముద్రపు సాలీళ్ళలో నేడు 1,300కు పైగా జాతులు తెలుసు. వీటిని సాలీళ్ళు, తేళ్ళు ఉండే కెలిసిరేటా విభాగంలో, మిగిలిన వాటికంటే ముందుగా చీలిన శాఖగా ఎక్కువమంది పరిగణిస్తున్నారు. డోర్న్‌ను వేధించిన కొండిగల ప్రశ్న ఇటీవల వరకూ కొనసాగింది. అవి మెదడులో ఏ భాగం నుండి నాడులు పొందుతాయన్న దానిపై 2005లో ఒక వాదం రాగా, 2006లో జన్యువుల ఆధారంగా అవి సాలీళ్ళ కొండిగలకు సమానమైనవేనని మరొక బృందం చూపింది. లోతు సముద్రపు కొలొసెండీస్ జాతులను గుర్తించడానికి ఇప్పటికీ తొండం, స్పర్శాంగాల కణుపులు, కాళ్ళ చివరి కణుపులు, గోళ్ళ పొడవుల నిష్పత్తులనే ముందుగా కొలుస్తారు. తరువాత జన్యు పరీక్ష చేస్తారు.

ఆ ప్రజాతిలో గుడ్లు మోస్తున్న మగజీవి శతాబ్దానికి పైగా ఎవరికీ దొరకలేదు. అంటార్కిటికా తీరంలో మునిగి సేకరించిన కొలొసెండీస్ మెగలోనిక్స్ జీవులను తొట్లలో సజీవంగా ఉంచినపుడు అవి గుడ్లను మోయకుండా అడుగున రాళ్ళకు అంటించినట్లు తేలింది. ఈ పరిశీలన 2024లో ప్రచురితమయింది.